మూలన ఉండాల్సిన చుక్క

లవంగాలు పొట్లం కట్టి ఇచ్చింది శాంతి. పన్ను నొప్పి అని చెబితే లవంగాలిచ్చింది, అందులో ఏముంది అనుకోవచ్చు. కానీ తోడికోడలు గాయత్రి పన్ను చూపించుకోవడానికి గోదావరి దాటి నరసాపురం వెళ్తానంటే "రాజోల్లో డాక్టర్లు లేరేంటక్కా" అని ఒక్క ముక్కైనా అడగాలా వద్దా? అడగలేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళింది, పోపుల పెట్టె తీసింది, తలకాయలు ఊడనివి చూసి మరీ ఏరింది, పాత క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి "దారిలో సలిపితే కొరికి పెట్టుకోండక్కా" అని చేతిలో పెట్టింది. తలకాయలున్నవే ఏరడం ఎందుకు? అంత శ్రద్ధ ఎప్పుడు పుడుతుంది మనిషికి? అవతలివాళ్ళ దగ్గర ఏదో దాచుకున్నప్పుడు పుడుతుంది. లేకపోతే అవతలివాళ్ళు అబద్ధం చెబుతున్నారని తెలిసిపోయినప్పుడు పుడుతుంది. తెలిసిపోయిందా? తెలిసే అవకాశం లేదు. నరసాపురం దుర్గారావుతో గాయత్రి ఫోనులో మాట్లాడింది మేడ మీద, బట్టలు ఆరేస్తూ, గొంతు తగ్గించి. అయినా శాంతి చెవులు శాంతివి. గాయత్రి చేతిసంచిలో అడుగున ఆ పొట్లం ఉంది. సఖినేటిపల్లి రేవులో రేకుల షెడ్డు కింద కూర్చున్నా, ఆ పొట్లం అక్కడ ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది.

మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డునే ఉండిపోయింది. పాటు మీద ఉందట గోదావరి, దిగిన నీళ్ళు మళ్ళీ ఎక్కాలట, అప్పటిదాకా పంటు కదలదట. ఆ మాట చెప్పిన మనిషి మోటారు సైకిలు దిగి, ఐసు పెట్టె మీద తల ఆనించి నిద్రపోతున్నాడు. అందరూ నమ్మేశారు. నీళ్ళు లేవంటే లేవనే నమ్ముతారు. గాయత్రికి మాత్రం అవతల పంటు నడిపేవాళ్ళు టీ తాగుతున్నారేమో అనిపించింది. ఆవిడకి ముందు అలాగే అనిపిస్తుంది. చింతపండు కొంటే గింజలున్నాయేమో విప్పి చూస్తుంది, కుట్టించిన జాకెట్టు తిరగేసి కుట్లు చూస్తుంది, పనమ్మాయి కడిగిన గిన్నె అంచు మీద వేలు పెట్టి రాస్తుంది. ఒక్క మాట అనదు. మళ్ళీ కడుక్కుంటుంది, అంతే. అలాంటి మనిషి, కంటితో చూడని సరుకు అమ్మే వ్యాపారంలోకి ఎలా దిగింది? ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. బొమ్మ తనది. గుడ్డ తనది కాదు, రంగు తనది కాదు, అచ్చు వేసే చెయ్యి తనది కాదు. తిరుప్పూరు దగ్గరెక్కడో కంపెనీ ఉంది. ఎవరైనా ఫోనులో బొమ్మ చూసి సంచి కావాలంటే అప్పుడు అక్కడ ఒక్క సంచి అచ్చువేసి, అక్కణ్ణించే నేరుగా కొన్నవాళ్ళింటికి పంపిస్తారు. ఎవరూ కొనకపోతే ఆ సంచి లోకంలోనే లేదు. "ఇదేం వ్యాపారమే, లేని సరుకు అమ్మడం" అని భర్త భాస్కర్ నవ్వాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల నీళ్ళ చప్పుడు విని ధర చెప్పే మనిషికి ఇది వ్యాపారంలా కనిపించదు. నవ్వనీ అనుకుంది. కానీ ఆ మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. లేని సరుకు. చప్పుడు విని చూసుకోవడానికి లేని సరుకు.

మొదట్లో సరదాగానే ఉండేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పిల్ల కాలేజీ నుంచి వచ్చేలోగా, ట్యాబులో వేలితో గీసేది. పొట్టిక్కబుట్ట గీసింది. పనసాకులు నాలుగూ కలిపి ఈనెపుల్లలతో కుట్టిన, ఇడ్లీపిండి పోసి ఉడికించే బుట్ట. అత్తగారు కనకరత్నం గారు కుట్టేటప్పుడు పక్కన కూర్చుని, పుల్ల ఏ ఈనె కిందనుంచి దూరి ఎక్కడ పైకి తేలుతుందో చూసి గీసింది. అది చూసి శాంతి "అక్కా, దీన్ని సంచి మీద వేయిస్తే నేనే కొనుక్కుంటాను" అంది. శాంతి, మరిది బాబ్జీ పెళ్ళాం, బీకాం చదివింది, బాబ్జీ మస్కట్‌లో ఉంటాడు, అదే ఇంట్లో ఉత్తరం వైపు వాటా వాళ్ళది. ఫోనులో కొట్టు తెరవాలంటే కాగితాలు కావాలి. గాయత్రికి ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు, రెండూ కలవలేదు, కలిపించడానికి తిరిగి తిరిగి విసుగొచ్చింది. చివరికి శాంతి పేరు మీద తెరిచారు. శాంతి ఫోను నంబరు, శాంతి బ్యాంకు, శాంతి పాస్‌వర్డు. గీసేది గాయత్రి, ఎక్కించేది శాంతి, కొన్నవాళ్ళతో మాట్లాడేది శాంతి. అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు. ఇంట్లో మనిషే కదా. ఇంట్లో మనిషే కదా అన్న చోటే జనం ఎప్పుడూ మునుగుతారని ఆమె బీయస్సీ పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు గానీ, రాజోల్లో ఏ వీధిలో అడిగినా చెబుతారు.

చుక్క సంగతి అత్తగారితో మొదలైంది. పొట్టిక్కబుట్ట సంచి కొట్టులో పెట్టాక వారాల తరబడి ఒక్కరూ కొనలేదు. తామే ఒకటి తెప్పించుకుని చూస్తే లేత పనసాకు రంగు కాస్తా ముదురు సీసా ఆకుపచ్చలో దిగింది, బొమ్మ ఒక పక్కకి ఒరిగింది. తెరమీద ఒకటి, గుడ్డమీద ఒకటి. రంగులు మార్చి, మళ్ళీ గీసి, మళ్ళీ తెప్పించి చూసుకున్నాక కుదిరింది. కుదిరిన రోజు కనకరత్నం గారు ఆ సంచి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి, "మరీ అచ్చంగా ఉందే. దీనికో చుక్క పెట్టు. ఇంత బాగున్నదాన్ని లోకం మీదకి వదిలేటప్పుడు ఉత్తినే వదలకూడదు" అన్నారు. గాయత్రి కుడిచేతి వైపు కింది మూలన, ఆకు అంచుకి కొంచెం ఎడంగా, ఒక నల్లటి చుక్క పెట్టింది. గుండ్రంగా కాదు, కాటుక వేలితో అద్దినట్టు, కాస్త చెదిరి. మర్నాడు మొదటి సంచి అమ్ముడుపోయింది. అంతే. అప్పటి నుంచి ఏ బొమ్మకైనా చివర పెట్టేది ఆ చుక్కే. అది పెట్టాక ట్యాబు శాంతి చేతికి ఇస్తుంది. ఇంకెవరికీ చెప్పలేదు గానీ, గాయత్రికి అది దిష్టికి మాత్రమే కాదు. అది సంతకం. ఎవరి కొట్టులోనైనా తన బొమ్మ కనబడితే, ఆ చుక్క ఉంటే తనది, లేకపోతే దొంగది. ఆవు మీద వాత వేసినట్టు.

ఆ చుక్క కోసమే ఇప్పుడు ఆమె కళ్ళు వెతుకుతున్నాయి. షెడ్డు అవతలి చివర బల్ల మీద ఒక పడుచు పిల్ల కూర్చుంది, ఒళ్ళో చంటివాడు, పక్కన ఆమె తల్లి కాబోలు, వక్క నములుతూ పెద్దావిడ. ఆ పిల్ల భుజానికి సంచి. గోనెరంగు సంచి. పొట్టిక్కబుట్ట. ముందు గుండె ఒక్కసారి పైకి లేచింది. లేదనడానికి లేదు. ఇన్నాళ్ళకి తన బొమ్మని కళ్ళారా, ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి భుజాన, పాలసీసా మూత బయటికి తొంగిచూస్తుండగా, నిజంగా లోకంలో ఉన్నట్టు చూసింది. లేచి వెళ్ళి "ఇది నేనే గీశానండీ" అనేయాలనిపించింది. అది ఎంతసేపు? ఆ పిల్ల చంటివాణ్ణి ఇటు భుజం నుంచి అటు మార్చుకోవడానికి పట్టినంతసేపు. సంచి తిరిగింది, కుడి మూల కనబడింది. మూలన ఏమీ లేదు. గాయత్రి కళ్ళు చిట్లించింది. మడత పడిందేమో. నీడేమో. చంటివాడు కాలు తన్నాడు, మడత విప్పుకుంది, నీడ తొలగింది. గుడ్డ శుభ్రంగా ఉంది. చుక్క లేదు.

చుక్క లేకుండా ఆ బొమ్మ లోకంలో ఎక్కడుంది? తన ట్యాబులో ఉన్నదానికి చుక్క ఉంది. కంపెనీకి వెళ్ళినదానికి చుక్క ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క మనిషి. దొంగ చేసే మొదటి పని వాత చెరపడమే కదా. ఒక్కసారిగా అన్నీ వరసలో వచ్చి నిలబడ్డాయి, ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో చెదురుగా కూర్చున్నవి పేరు పెట్టి పిలిచినట్టు లేచి వచ్చాయి. కొరియరు అంజిబాబు ఆ మధ్య ఇంటి ముందు బండి ఆపి, అడక్కుండానే, "కొత్తపేటలో కూడా మీ కంపెనీ పార్శిళ్ళు తెగ దిగుతున్నాయండి, శాంతి గారి పేరునే, మా బావమరిది ఇస్తున్నాడండి అక్కడ" అన్నాడు. కొత్తపేట శాంతి పుట్టిల్లు. అక్కడికి పార్శిళ్ళెందుకు? అడిగితే నవ్వి ఏదో చెబుతుంది, కాబట్టి అడగలేదు. గాయత్రి అడగదు, చూస్తుంది. చూడ్డం మొదలెట్టాక కనిపించనిదేముంది? తను గదిలోకి వెళ్ళగానే శాంతి ఫోను బోర్లా పెడుతుంది. ఒకరోజు సాయంత్రం మెట్ల కింద నిలబడి ఎవరితోనో "అయ్యో, ఆవిడకి తెలీనివ్వకండి, నేను చూసుకుంటాను కదండీ" అంటోంది, గాయత్రి అడుగుల చప్పుడు విని "సరే పిన్నీ ఉంటాను" అని పెట్టేసింది. పిన్నికి 'అండీ' ఏంటి? ఎండాకాలం దాకా సంచులు వెనక్కి వచ్చేవి, బాగా వచ్చేవి, ఇలా తిరిగొస్తే కొట్టు మూసేస్తామని కంపెనీ వాళ్ళు హెచ్చరిక కూడా పంపారు. వానలు పడేసరికి హఠాత్తుగా ఆగిపోయాయి. "ఎలా ఆగాయి శాంతీ" అంటే "మన టైము బాగుందక్కా" అంది. టైము! వెనక్కి రావడం ఆగిందంటే మంచిదే, భాస్కర్ అయితే అంతటితో సంతోషపడి కంచం దగ్గర కూర్చుంటాడు. కానీ ఎందుకాగింది? అసలు వెళ్తే కదా వెనక్కి రావడానికి. కొనేవాళ్ళని కొత్తపేట వైపు మళ్ళిస్తే, చుక్క చెరిపేసిన బొమ్మతో అక్కడింకో కొట్టు నడుస్తుంటే, ఇక్కడి లెక్క ప్రశాంతంగానే ఉంటుంది మరి.

అందుకే దుర్గారావు. నరసాపురంలో ఫ్లెక్సీలు వేసే మనిషి, గుడ్డ మీద అచ్చువేసే మిషను కొత్తగా తెచ్చాడట. "మీ కళ్ళ ముందే వేయించుకోండమ్మా, మీ చేత్తోనే సర్దుకోండి" అన్నాడు ఫోనులో. కళ్ళ ముందు. ఆ రెండు మాటలకే పడిపోయింది గాయత్రి. ఇవాళ చూసి, సరే అంటే, శాంతి పేరున ఉన్న కొట్టు మూసెయ్యాలి. ఎలా చెప్పాలా అనే ఇన్నాళ్ళూ ఆగింది. ఒకే గుమ్మంలోంచి వచ్చిపోయే మనుషులు, ఒకే ఆవకాయ జాడీ, బాబ్జీ ఫోను చేస్తే ముందు వదినతో మాట్లాడి తర్వాత పెళ్ళాంతో మాట్లాడతాడు. అదంతా తెగుతుంది. తెగనీ. సంచి అదిగో, కళ్ళెదురుగా ఉంది, ఇంకా ఎవరికి మొహమాటం? ఫోను తీసి రాసింది. "శాంతీ, కొట్టు పాస్‌వర్డు పంపించు. ఇవాళ్టి నుంచి నేనే చూసుకుంటాను. కొత్తపేట సంగతి నాకు తెలుసు." చదువుకుంది. ఒక కామా సరిచేసింది. పంపింది. రేవులో సిగ్నలు లేదు. మాట పక్కన చిన్న గడియారం బొమ్మ తిరక్కుండా నిలబడింది. పోనీ, అదే వెళ్తుంది, అనుకుని ఫోను చేతిసంచిలో పడేసింది. వేళ్ళకి లవంగాల పొట్లం తగిలింది.

పంటు వచ్చింది. నీళ్ళు నిజంగానే ఎక్కాయి, మెట్ల మీద నాచు మునిగింది. మోటారు సైకిళ్ళు ముందు ఎక్కాయి, తర్వాత చేపల బుట్టలు, తర్వాత మనుషులు. గాయత్రి తనకి తెలియకుండానే ఆ సంచి వెనకే నడిచి, దాని పక్కనే బల్ల మీద కూర్చుంది. పెద్దావిడ చూసి జరిగింది. "రండమ్మా, కూచోండి. ఏవూరండీ తమది?" "రాజోలండి." "ఆయ్. మాది మలికిపురమండి. నా పేరు కాంతమ్మ. మనవడికి మేనత్త ఉయ్యాల సారె పెడతానందండి, నరసాపురం ఎళ్తన్నాం." చంటివాడి బుగ్గ మీద నల్లటి చుక్క ఉంది, అరికాల్లో ఇంకొకటి. ఇంట్లో చేసిన కాటుక, అంచు చెదిరింది. గాయత్రి దాన్నే చూస్తూ, పోలీసు గొంతు కాకుండా చూసుకుంటూ, "సంచి బాగుందండీ. ఎక్కడ కొన్నారు?" అంది.

"ఫోన్లోనండి" అంది పిల్ల, పేరు ప్రసన్నట. "మా ఆయన ఒకటే ఎగతాళండి, ఊరినిండా కొట్లుండగా గుడ్డ సంచి ఫోన్లో కొంటావా అని."

"ఎగతాళి చెయ్యడేటి మరి!" అంది కాంతమ్మ. "పొట్టిక్క వండడం రాదు గానీ బుట్టల బొమ్మ భుజానేసుకుని తిరుగుద్ది మా అమ్మాయి. అత్తోరింటికి ఎళ్ళేటప్పుడు మరీ కనపడేటట్టు ఏసుకుంటాది."

"నువ్వూరుకోవే. ఇది రెండోదండీ" అంది ప్రసన్న. "ముందొచ్చినదానికి మరకండి. కొత్త సంచండి, కవరు విప్పగానే మూలన నల్లగా..."

"ఇక్కడండి, సరిగ్గా ఇక్కడ." కాంతమ్మ వేలు పెట్టి చూపించింది. గాయత్రి ఎక్కడ చుక్క పెడుతుందో సరిగ్గా అక్కడ. "మసిబొట్టులాగుంది. నేను సబ్బెట్టి ఉతికేనండి, పోలేదు. పీచెట్టి తోమేను. చింతపండు రాసేను. గోరుతో గీకేను. ఎంతకీ పోదే! రంగు పోద్దేమోనని ఇది మొత్తుకుంటంది, బొమ్మ రంగు పోలేదు, ఆ మరకా పోలేదు. గట్టి మరకండి బాబూ."

పీచుతో తోమిందట. గాయత్రికి బుగ్గ మీద ఎవరో గరగర రాసినట్టయింది. మెల్లగా అడిగింది. "అది దిష్టి చుక్కేమోనండీ?"

కాంతమ్మ నమలడం ఆపింది. గాయత్రిని చూసింది, మనవణ్ణి చూసింది, సంచిని చూసింది, పంటు అంతా వినబడేలా నవ్వింది. "దిష్టి చుక్క చంటోడికి పెడతారు గానీ సంచికి పెడతారేటండీ! దానికెవరి దిష్టి తగులుద్దండి, టమాటాలదా?" పక్కనున్న చేపలావిడ కూడా నవ్వింది. ప్రసన్న మాత్రం నవ్వలేదు, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "కాదేమో లేవే అమ్మా. ఫొటో తీసి పంపితే ఆవిడెవరో ఫోను చేసేరు కదా, ఎంత మర్యాదగా మాట్లాడేరో. నేను మరక, మరక అంటంటే ఆవిడ మాత్రం 'ఆ చుక్క' అనే అన్నారు. ఒక్కసారి కూడా మరక అన్లేదు. వేరేది పంపిస్తాను, ఆ చుక్క లేకుండా వేయిస్తాను, అది మాత్రం కొత్తపేటకి తిప్పి పంపెయ్యండి, పారెయ్యకండి అన్నారండి. రివ్యూలో మరక అని రాయకండి అని ఒకటే బతిమాలేరు. గీసేది మా అక్కండి, చూస్తే బాధపడతారు, ఇంక గీయడమే మానేస్తారు, ఆవిడకి తెలీనివ్వకండి అని. నేను రాయలేదండి. పాపం అనిపించింది."

నీళ్ళు పసుప్పచ్చగా, మధ్యలో ఎక్కడో గుర్రపుడెక్క ముద్ద ఒకటి తిరుగుతూ సముద్రం వైపు పోతోంది. వెనక్కి వచ్చిన ప్రతి సంచీ మరక అనే వచ్చిందా? హెచ్చరిక వచ్చింది అందుకేనా? వానలు పడేసరికి ఆగింది టైము కాదు, చుక్క. దాన్ని ఎవరు ఆపారో, ఏ మధ్యాహ్నం, తను కునుకు తీసే వేళ, తను పెట్టిన చుక్కని ఒక్కొక్క బొమ్మ మీంచీ ఎవరు తీసేస్తూ పోయారో. లేదు, చెప్పకుండా కాదు, శాంతి ముందే అడిగింది. ఇప్పుడు గుర్తొస్తోంది, గుర్తు లేక కాదు, గుర్తు తెచ్చుకోలేదు, అంతే. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో, ట్యాబు చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా, "అక్కా, ఈ చుక్క తీసేస్తేనో? తెలియనివాళ్ళకి వేరేలా కనిపిస్తుందేమో" అంది. గాయత్రి ఏమందట? ఏమీ అనలేదు. అరవలేదు, గాయత్రి ఎప్పుడూ అరవదు. ట్యాబు తిరిగి తీసుకుని, తుడిచి, బీరువాలో పెట్టింది. ఆ వారమంతా "శాంతి గారూ, కాఫీ తాగేరా" అంది. "శాంతి గారూ, తమరి బట్టలు ఆరేయించమంటారా." శాంతి నవ్వడానికి ప్రయత్నించి, కళ్ళు దించుకుని, మళ్ళీ చుక్క మాట ఎత్తలేదు. కడిగిన గిన్నెని ఏమీ అనకుండా మళ్ళీ కడిగినట్టే. అనకపోవడం మంచితనం అనుకుంది ఇన్నాళ్ళూ. కొత్తపేటలో శాంతి అమ్మగారింట్లో ఏ మూలనో, మంచం కిందో, అటక మీదో, చుక్కలున్న సంచులన్నీ మడతలు పెట్టి ఉంటాయి. పారెయ్యకండి అన్నదట. మరక అని ఒక్కసారి కూడా అనలేదట.

అప్పుడు గడియారం బొమ్మ గుర్తొచ్చింది. చేతిసంచి జిప్పు ఇరుక్కుంది. లాగింది. పెన్ను, చిల్లర, కళ్ళజోడు, రుమాలు, పొట్లం, ఎక్కడ పోయింది ఫోను, పంటు ఒడ్డు వైపు తిరుగుతోంది, నరసాపురం రేవు టవరు కనబడుతోంది, పక్కన ఎవరి ఫోనో టింగుమంది, ఇంకెవరిదో, సిగ్నలు వచ్చేసినట్టుంది. అడుగున దొరికింది. తెరిచింది. గడియారం లేదు. రెండు టిక్కులు. చూస్తుండగానే అవి నీలంగా మారాయి.

శాంతి ఏదో రాస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్ళీ రాస్తోంది. మళ్ళీ ఆగింది. ఇంట్లో ఎక్కడ నిలబడి ఉందో, వంటింటి గట్టు దగ్గరా, ఉత్తరపు గుమ్మం దగ్గరా, ఆ మొహం ఎలా ఉందో గాయత్రికి కనిపించలేదు. కనిపించనిదాన్ని ఊహించడంలో ఇంత ఆరితేరిన మనిషికి ఆ ఒక్క మొహమే రాలేదు. తర్వాత పాస్‌వర్డు వచ్చింది. అక్షరాలు, అంకెలు, అంతే. ఎందుకక్కా అని లేదు. అది కాదక్కా అని లేదు. తనైతే లోపల ఎన్ని ప్రశ్నలు వేసుకునేదో. దాని కింద కాసేపటికి ఇంకొకటి. "పన్ను ఎలా ఉందక్కా? లవంగం పెట్టుకున్నారా?"

గాయత్రికి అలవాటుగా అనుమానం లేచింది, కానీ ఈసారి అది శాంతి వైపు వెళ్ళలేదు, ఎటు వెళ్ళాలో తెలియనట్టు ఇంట్లో గదులన్నీ తిరిగింది. శాంతి ఒక్కతేనా? భాస్కర్ ఏ కూర పెట్టినా "బాగుంది" అని, కంచంలో చెయ్యి కడుక్కునేటప్పుడు ఒక్కక్షణం ఆగుతాడు, ఎందుకాగుతాడు? అత్తగారు కుట్టిన బుట్టలు తను ఒకటి రెండు విప్పి మళ్ళీ కుడితే "ఆయ్, నువ్వు కుట్టినట్టు మాకొస్తుందా" అంటారు, ఆ ఆయ్‌లో ఏముంది? కూతురు తన డ్రెస్సు మీద గాయత్రి వేసిన కుట్టుపువ్వుని ఎప్పుడూ చున్నీ కింద ఉంచుతుంది, చలికేనా? చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎన్నాళ్ళ నుంచి ఎన్ని చుక్కలు మెల్లగా చెరిపి, ఆవిడకి తెలీనివ్వకండి అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు? అందరి మీదా కన్నేసి ఉంచింది. అందరూ తన మీద ఇంకో రకం కన్నేసి ఉంచారన్నమాట, గాజు సామాను మోసేవాళ్ళలా.

పంటు ఒడ్డుని తాకింది, బల్ల కదిలింది. మోటారు సైకిళ్ళు ఒక్కసారిగా రొదపెట్టాయి. ప్రసన్న లేచి సంచి సర్దుకుంది, చంటివాడు తల్లి భుజం మీంచి గాయత్రినే చూస్తున్నాడు, బుగ్గమీద చుక్క చెమటకి కిందికి జారింది. "రండమ్మా, దిగరా" అంది కాంతమ్మ. ఫోను మోగింది, దుర్గారావు. మోగనిచ్చింది. కళ్ళ ముందే వేయించుకోండమ్మా. ఏం వేయించుకుంటుంది? చుక్క పెట్టా, పెట్టకుండానా? మోగి మోగి ఆగిపోయింది. తెరమీద మళ్ళీ శాంతి ప్రశ్నే నిలబడి ఉంది.

ఏం రాయాలి? పన్ను తగ్గింది అంటే అబద్ధం, నొప్పిగా ఉంది అంటే అబద్ధం, నాకంతా తెలిసింది అంటే, శాంతి ఇన్ని నెలలు రెండు చేతులూ అడ్డం పెట్టి కాపాడిన దీపాన్ని ఒక్క ఊదుతో ఆర్పేసినట్టు. పొట్లం విప్పింది. క్యాలెండరు కాగితంలో లవంగాలు, ఒక్కదానికీ తలకాయ ఊడలేదు. ఒకటి తీసి, ఏ నొప్పీ లేని దవడ పన్ను కింద పెట్టి గట్టిగా కొరికింది. ముందు ఏమీ అనిపించలేదు. తర్వాత చిగుళ్ళు, నాలుక, చెంప లోపలంతా భగ్గుమని, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పంటు ఖాళీ అయింది, తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి వైపు జనం అప్పుడే ఎక్కుతున్నారు, ఎవరో "కొంచెం జరగండమ్మా" అన్నారు. గాయత్రి జరిగింది, దిగలేదు.

"మండుతోంది" అని రాసి పంపింది. పొద్దుటి నుంచి శాంతితో చెప్పిన మాటల్లో అదొక్కటే నిజం.